ధాన్యం పిండి లేకుండా ఇంట్లో ఫ్రూట్ మఫిన్లు: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మైదా, గోధుమపిండి, బియ్యప్పిండి ఏవీ లేకుండా మఫిన్లు వస్తాయా అని అడిగేవాళ్ళు చాలామంది, వస్తాయండి, చాలా బాగా వస్తాయి. కాకపోతే మైదా కేకు అలవాటుతో చేస్తే మాత్రం రావు, అందుకే ఎక్కువగా వచ్చే డౌట్లన్నీ ఒకచోట రాస్తున్నా. ఇక్కడ చెప్పే కప్పు అంటే 240 మి.లీ. కప్పు, టీస్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15 మి.లీ., వీలైతే చిన్న కిచెన్ స్కేలు కొనుక్కోండి, బాదం, జీడిపప్పుల పిండి కప్పుతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

గ్లూటెన్ లేకపోవడం, ధాన్యం లేకపోవడం రెండూ ఒకటేనా?

కాదండి. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై లాంటి వాటిలో ఉండే ప్రోటీన్. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, మొక్కజొన్న వీటిలో గ్లూటెన్ ఉండదు కానీ ఇవన్నీ ధాన్యాలే. కాబట్టి రాగి మఫిన్ గ్లూటెన్ లేనిదే అవుతుంది, ధాన్యం లేనిది మాత్రం కాదు. మనం ఇక్కడ వాడేది బాదం, జీడిపప్పు, కొబ్బరి, గింజలు, దుంపల పిండి, అంతే.

ధాన్యాలంటే గడ్డి జాతి మొక్కల గింజలు. రాజ్‌గిరా అంటే తోటకూర జాతి గింజలు, కుట్టు పిండి అంటే బక్‌వీట్, కినోవా ఇవి గడ్డి జాతివి కావు, అందుకని ఏకాదశి ఉపవాసాలకి ఉత్తరాదివాళ్ళు రాజ్‌గిరా, కుట్టు వాడతారు. కొందరు మాత్రం వీటిని కూడా ధాన్యం కిందే లెక్కేసి మానేస్తారు, మీరు ఎందుకు ధాన్యం మానేశారో దాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. సగ్గుబియ్యం మన సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం దుంప నుంచి తీసేది కాబట్టి అది ధాన్యం కాదు, నిక్షేపంగా వాడుకోవచ్చు. శనగపిండి పప్పుధాన్యం, కొందరు తింటారు కొందరు తినరు, నాకైతే మఫిన్లో ఆ పచ్చి వాసన నచ్చదు.

అన్నిటికన్నా ఈజీ కొలత ఒకటి చెప్పండి, మొదటిసారి చేస్తున్నా.

అరటిపండుతో మొదలుపెట్టండి, ఇది చెడిపోవడం కష్టం.

బాదం పిండి 250 గ్రాములు అంటే దాదాపు రెండున్నర కప్పులు. బాగా మాగిన అరటిపండు మెదిపింది ముప్పావు కప్పు. గుడ్లు 3. కరిగించిన నెయ్యి లేదా కొబ్బరినూనె 3 టేబుల్ స్పూన్లు. బెల్లం పొడి 3 టేబుల్ స్పూన్లు, పండు బాగా తీపి ఉంటే 2 చాలు. వంట సోడా అర టీస్పూన్, నిమ్మరసం 2 టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి.

ముందు ఓవెన్ 170 డిగ్రీలకి వేడెక్కనివ్వండి, అమెరికాలో ఉన్నవాళ్ళు 340 ఫారెన్‌హీట్ అనుకోండి. ఒక గిన్నెలో పొడివన్నీ కలిపి సోడా ఉండలు లేకుండా జల్లించండి, ఇంకో గిన్నెలో పండు, గుడ్లు, నెయ్యి, బెల్లం బాగా గిలక్కొట్టండి, రెండూ కలిపేసి చివర్లో నిమ్మరసం. పిండి గారెల పిండి కన్నా పలచగా, ఇడ్లీ పిండి కన్నా కొంచెం గట్టిగా ఉండాలి, గరిటెతో ఎత్తితే ముద్దగా జారి పడాలి, ధారగా కారితే ఇంకో రెండు స్పూన్ల బాదం పిండి వేసుకోండి. పేపర్ కప్పుల్లో ముప్పావు వంతు నింపి మధ్య అరలో పెట్టి 20 నుంచి 25 నిమిషాలు. 10 మఫిన్ల దాకా వస్తాయి.

ఇంకో మాట, మైదా కేకుకి ఎక్కువ కలపకూడదు, గట్టిపడుతుంది అంటారు కదా, ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. గట్టిపడటానికి గ్లూటెన్ ఏదీ? హాయిగా కలపండి. సోడా, నిమ్మరసం కలిశాక మాత్రం కబుర్లు పెట్టుకోకుండా వెంటనే ఓవెన్లో పెట్టేయాలి, గ్యాస్ అప్పుడే పుడుతుంది, ఆలస్యమైతే పోతుంది.

మైదా రెసిపీలో మైదా తీసేసి అంతే బాదం పిండి వేస్తే సరిపోతుందా?

సరిపోదు, ఎక్కువమందికి మఫిన్ పాడయ్యేది ఇక్కడే. మైదాలో ఉండే గ్లూటెన్, పిండిపదార్థం నీళ్ళు పీల్చుకుని కేకుని నిలబెడతాయి. బాదంలో సగం దాకా కొవ్వే, అది నీళ్ళు పెద్దగా పీల్చదు, దేన్నీ పట్టుకోదు. మరి మఫిన్ని నిలబెట్టేది ఎవరు అంటే గుడ్డు. వేడికి గుడ్డులో ప్రోటీన్ గట్టిపడి ఆ పిండినంతా పట్టుకుంటుంది. అందుకే ధాన్యం లేని రెసిపీల్లో గుడ్లు ఎక్కువ, పాలు దాదాపు ఉండవు, నూనె తక్కువ. మైదా రెసిపీలో ఉన్న అరకప్పు పాలు, అరకప్పు నూనె అలాగే పోసి బాదం పిండి వేస్తే పైన ఎర్రగా, లోపల తడి తడిగా, అడుగున నూనె కారుతూ ఉంటుంది.

ధాన్యం లేని బేకింగ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది తడి లెక్క. పండులో నీళ్ళు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే మిగతాదంతా సులువే.

బాదం పిండి కొనాలా, ఇంట్లో పట్టుకోవచ్చా? చాలా ఖరీదు కదా.

ఇంట్లో పట్టుకోవచ్చు, నేనైతే అదే చెప్తాను. వేడి నీళ్ళలో ఒక నిమిషం వేసి తీసి చన్నీళ్ళలో వేస్తే వేళ్ళతో నొక్కగానే తొక్క ఊడి వస్తుంది. తర్వాత గుడ్డ మీద ఆరబెట్టాలి, పూర్తిగా, అంటే కొరికితే పటుక్కుమనాలి, ఎండ లేని రోజుల్లో ఓవెన్లో 80, 90 డిగ్రీల్లో కాసేపు పెట్టుకోండి. తడి ఉంటే మిక్సీలో ముద్ద అవుతుంది. మిక్సీ కూడా ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి గిర్రున తిప్పేస్తే జార్ వేడెక్కి నూనె బయటికొచ్చి పిండి కాస్తా బాదం బటర్ అవుతుంది. కొద్దికొద్దిగా వేసి, జల్లించి, పైన మిగిలిన రవ్వని మళ్ళీ తిప్పండి. తొక్కతో చేసినా తప్పులేదు, మఫిన్ కాస్త ముదురు రంగులో, కాస్త బరకగా ఉంటుంది.

ఖరీదు విషయానికొస్తే జీడిపప్పు వాడండి! పలాస, వేటపాలెం జీడిపప్పు మన చేతిలో ఉన్నవాళ్ళం, బాదం మీదే ఎందుకు పడాలి? గుండు పప్పు అక్కర్లేదు, ముక్కలు, నూక రకం అయితే ధర బాగా తగ్గుతుంది, పిండి చేయడానికి ముక్క అయితే ఏంటి గుండు అయితే ఏంటి. జీడిపప్పు పిండితో మఫిన్ ఇంకా మెత్తగా, తెల్లగా వస్తుంది, సహజంగానే తియ్యగా ఉంటుంది కాబట్టి బెల్లం ఒక స్పూన్ తగ్గించొచ్చు. బాదంకి బదులు అంతే బరువు వేసుకోండి, సగం సగం కలిపినా బాగుంటుంది. ముక్కలు కొనేటప్పుడు మాత్రం నోట్లో వేసుకుని చూడండి, చాలాకాలం నిల్వ ఉన్నవి కమురు వాసన వస్తాయి, ఆ వాసన బేక్ చేస్తే పోదు, ఇంకా పెరుగుతుంది.

పొద్దుతిరుగుడు గింజల పిండి ఇంకా చవక, బాదం, జీడిపప్పు పడనివాళ్ళకి కూడా పనికొస్తుంది. కానీ దాంట్లో ఉండే క్లోరోజెనిక్ యాసిడ్ అనేది వంట సోడాతో కలిసి మఫిన్ చల్లారాక లోపల ఆకుపచ్చగా మారుతుంది. బూజు అనుకుని పారేయకండి, తినొచ్చు. సోడా తగ్గించి నిమ్మరసం కాస్త పెంచితే పచ్చదనం తగ్గుతుంది.

కొబ్బరి పిండి, ఎండుకొబ్బరి పొడి ఒకటేనా?

కాదు. కొబ్బరి పాలు తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మెత్తగా పట్టింది కొబ్బరి పిండి, దాంట్లో నూనె తక్కువ, పీచు ఎక్కువ, నీళ్ళని విపరీతంగా పీలుస్తుంది. ఎండుకొబ్బరి పొడిలో నూనె అంతా అలాగే ఉంటుంది, అది పెద్దగా పీల్చదు. రెసిపీలో ఒకటి అంటే ఇంకోటి వేస్తే పని అవదు.

కొబ్బరి పిండిని బాదం పిండి బదులు అంతే కొలతలో ఎప్పుడూ వేయకండి. అరకప్పు బాదం పిండి తీసి 2 టేబుల్ స్పూన్ల కొబ్బరి పిండి వేసి, 5 నిమిషాలు ఆగి చూస్తే మీకే తెలుస్తుంది అది ఎంత పీల్చిందో. (ఈ ఆగడం అయ్యాకే సోడా, నిమ్మరసం కలపండి.) నీళ్ళు ఎక్కువ ఉన్న పండ్లకి ఇది బంగారం లాంటి చిట్కా, పిండి పలచనైనప్పుడల్లా బాదం పిండి గుమ్మరించే బదులు ఒక స్పూన్ కొబ్బరి పిండి చాలు. ఇంట్లో పాలు తీసిన పిప్పి ఉంటే తక్కువ వేడి మీద బాండీలో పొడిపొడిగా ఆరనిచ్చి మిక్సీ పట్టుకోండి.

బేకింగ్ పౌడర్ ఎందుకు వేయలేదు?

చాలా బ్రాండ్ల బేకింగ్ పౌడర్లో తేమ పీల్చడానికి మొక్కజొన్న స్టార్చ్ కలుపుతారు, అది ధాన్యమే. ఖచ్చితంగా ధాన్యం మానేసినవాళ్ళకి అది కూడా వద్దు కాబట్టి సోడా, నిమ్మరసం చెప్పాను. ఐసింగ్ షుగర్‌లో కూడా ఇదే సంగతి, డబ్బా వెనక చదవండి. మీకు ఆ పట్టింపు లేకపోతే అర టీస్పూన్ సోడా బదులు ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్ వేసుకుని నిమ్మరసం మానేయండి. సోడా మాత్రం ఎక్కువ వేస్తే ఇంకా పొంగుతుంది అనుకోవద్దు, సబ్బు రుచి వస్తుంది, రంగు నల్లబడుతుంది.

ఏ పండ్లు బాగుంటాయి? ఏవి వేయకూడదు?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా బ్లూబెర్రీ, బ్లూబెర్రీ అంటారు, మనకి ఉన్న పండ్లు వదిలేసి.

అరటి: చక్కెరకేళి అయితే తీపి ఎక్కువ, బెల్లం తగ్గించండి. కర్పూరం అరటిలో చిన్న పులుపు ఉంటుంది, సోడాతో దానికి బాగా కుదురుతుంది. ఏదైనా సరే తొక్క మీద నల్ల మచ్చలు పడేదాకా మాగాలి, పచ్చిగా ఉంటే మెదగదు, తీపి రాదు.

మామిడి: బంగినపల్లి అయితే మిక్సీలో గుజ్జు చేసి బాండీలో అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి, ఒక కప్పు గుజ్జు ముప్పావు కప్పు కన్నా కాస్త తక్కువకి రావాలి, గరిటె లాగితే బాండీ అడుగు ఒక్క క్షణం కనపడి మళ్ళీ మూసుకుంటే అయినట్టే. ఆ ఉడికించే పది నిమిషాలు బద్ధకిస్తే మఫిన్ లోపల ఉడకదు. రసాలు అయితే పీచు ఉంటుంది కాబట్టి జల్లెడలో వడకట్టి తర్వాత ఉడికించండి. రుచి మాత్రం రసాలదే, ఎంత పని అయినా చేయొచ్చు. చల్లారాకే గుడ్లలో కలపండి, వేడిగా పోస్తే గుడ్డు అక్కడే ఉడికిపోతుంది.

సపోటా: గింజలు తీసి మెదిపేస్తే చాలు, బెల్లం దాదాపు అక్కర్లేదు, కాస్త దాల్చినచెక్క పొడి వేస్తే అద్భుతం. ఖర్జూరం వేడి నీళ్ళలో నానబెట్టి పేస్టు చేసుకుని బెల్లం బదులు వేయొచ్చు.

యాపిల్ తురిమి, గుప్పిట్లో గట్టిగా పిండి ఆ రసం తాగేసి తురుము వేయండి. పనస తొనలు సన్నగా తరిగి జీడిపప్పు పిండిలో వేస్తే ఇల్లంతా వాసనే, కానీ తరిగినవి ముప్పావు కప్పు మించకూడదు, పైగా ముక్కలు పిండికి తడి ఇవ్వవు కాబట్టి 2, 3 స్పూన్ల కొబ్బరి పాలు పోసుకోవాలి. అనాస ముక్కలు బాండీలో నీరు ఇగిరేదాకా వేయించి వేయాలి.

నేరేడు, బ్లూబెర్రీ రెండిటిలోనూ ఊదా రంగు ఉంటుంది కదా, అది సోడా ఎక్కువైతే నీలం, పచ్చ రంగుకి తిరుగుతుంది, రుచికి ఏం కాదు. పిండిలో కలపకుండా కప్పుల్లో పోశాక పైన గుచ్చితే చూడ్డానికి బాగుంటుంది.

సీతాఫలం వద్దు. గింజ తీసే చాకిరీ ఒకటి, వేడి తగిలితే ఆ కమ్మటి వాసన పోతుంది, చల్లగా తినాల్సిన పండు అది. పుచ్చకాయ, ద్రాక్ష, కమలాపండు ముక్కలు వద్దు, అన్నీ నీళ్ళే. కమలా తొక్క తురుము మాత్రం అర టీస్పూన్ వేసి చూడండి.

గుడ్డు తినం. ఎలా?

గుడ్డే నిలబెడుతుంది అని చెప్పాను కదా, కాబట్టి గుడ్డు లేకుండా అంత పొంగే మఫిన్ రాదు, కానీ మెత్తటి, రుచికరమైనది వస్తుంది. అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్‌కి 3 టేబుల్ స్పూన్ల నీళ్ళు కలిపి 10 నిమిషాలు ఉంచితే జిగురుగా అవుతుంది, 3 గుడ్ల బదులు ఇలాంటివి 2 వేయండి. 3 టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం పిండి గానీ పాలగుండ (ఆరోరూట్ పొడి) గానీ కలపండి, అది పట్టుకుంటుంది. పావు కప్పు గట్టి పెరుగు వేసి నిమ్మరసం మానేయొచ్చు. పండు అరటి లేదా సపోటా మాత్రమే, మామిడితో గుడ్డు లేకుండా కష్టం. చిన్న సైజు కప్పుల్లో చేయండి, 5 నిమిషాలు ఎక్కువ ఉంచండి, పూర్తిగా చల్లారేదాకా ట్రేలోంచి కదపొద్దు. అన్నీ కొబ్బరి పిండితో, గుడ్డు లేకుండా అయితే అసలు ప్రయత్నించకండి, విరిగి పొడి అవుతుంది.

ఓవెన్ లేదు. కుక్కర్లో అవుతాయా?

అవుతాయి, కానీ కుక్కర్ బదులు మందపాటి బాండీ వాడండి. నీళ్ళు లేకుండా ఎక్కువసేపు వేడి చేస్తే ప్రెజర్ కుక్కర్ పాడవుతుంది, ఒకవేళ వాడినా గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాల్సిందే. బాండీ అడుగున ఒక కప్పు కల్లుప్పు పరిచి, మీద స్టాండు, మూత పెట్టి మీడియంలో 10 నిమిషాలు వేడెక్కాక కప్పులు పెట్టి, సన్నటి మంట మీద 25 నుంచి 30 నిమిషాలు. మాటిమాటికీ మూత తీయకండి. పైన రంగు రాదు, అది సహజం. స్టీలు చిన్న గిన్నెలకి నెయ్యి రాసి వాటిలో పోసుకోవచ్చు, మఫిన్ ట్రేనే కావాలని ఏం లేదు.

ఎయిర్ ఫ్రయ్యర్ అయితే 150 డిగ్రీల్లో 13, 14 నిమిషాలు, గాలికి పైభాగం త్వరగా మాడుతుంది కాబట్టి చూసుకోండి. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్ ఉండాలి.

పైన నల్లగా అయిపోయింది, లోపల పచ్చిగా ఉంది, ఎందుకు?

బాదం, బెల్లం, పండు మూడూ త్వరగా రంగు మారేవే. మైదా కేకులకి పెట్టే 180, 190 వీటికి ఎక్కువ. అదీగాక చిన్న ఓటీజీల్లో, అంటే ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో, డయల్ మీద చూపించే వేడి, లోపల ఉండే వేడి ఒకటి కాదు, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ దొరుకుతుంది, కొనుక్కుంటే మీ ఓవెన్ సంగతి తెలిసిపోతుంది. 15 నిమిషాలకే రంగు వచ్చేస్తే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి, ఇంకో పది నిమిషాలు ఉంచండి. టూత్‌పిక్ గుచ్చితే పొడిపొడి తుంపులు అంటుకుంటే ఫర్వాలేదు, తడి పిండి అంటుకుంటే ఇంకా కావాలి. పైన వేలితో మెల్లిగా నొక్కితే గుంట పడకుండా వెనక్కి రావాలి.

నెయ్యి చిన్న చిన్న ఉండలుగా కనపడుతోంది.

గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడారు. అరగంట ముందు బయట పెట్టండి, లేదా గోరువెచ్చటి నీళ్ళలో 5 నిమిషాలు.

షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా? బరువు తగ్గుతామా?

ధాన్యం లేదు అంటే తీపి లేదు అని కాదండి, ఈ అపోహ పోవాలి. అరటి, ఖర్జూరం, బెల్లం, తేనె అన్నీ రక్తంలో చక్కెర పెంచేవే, బెల్లం మంచిది అని గుప్పిళ్ళతో వేయకండి. మైదా మఫిన్ కన్నా పిండిపదార్థం తక్కువ, ప్రోటీన్ ఎక్కువ అన్నది నిజం. కానీ పైన చెప్పిన కొలతలో ఒక్కో మఫిన్ సుమారు 230 కేలరీలు ఉంటుంది, అంటే ఒకటి తింటే టిఫిన్లో సగం అయిపోయినట్టే, మూడు తింటే బరువు పెరుగుతారు, తగ్గరు. షుగర్ ఉంటే బెల్లం పూర్తిగా తీసేసి యాపిల్ తురుముతో చేసుకుని, ఒకటి తిన్నాక మీటర్లో చూసుకోండి, మీ డాక్టర్ గారితో మాట్లాడండి.

సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్న పిల్లలకి పెట్టొచ్చా?

ధాన్యం లేదు కాబట్టి రెసిపీ వరకు సరే, భయమంతా కలగలుపు దగ్గర. రాజ్‌గిరా, బాదం ఏవీ మరలో పట్టించకండి, గోధుమ పట్టిన మరలోనే అదీ పడుతుంది. లూజుగా అమ్మే పిండి కొనొద్దు, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ప్యాకెట్ కొనండి లేదా ఇంట్లో మిక్సీ పట్టండి. చపాతీ పిండి జల్లించే జల్లెడ వేరు, దీని జల్లెడ వేరు ఉంచుకోండి. ఏడాది లోపు పిల్లలకి తేనె వేసినవి పెట్టకూడదు, బేక్ చేసినా సరే. స్కూల్ బాక్సులో పెట్టేటప్పుడు క్లాసులో ఎవరికైనా బాదం, జీడిపప్పు లాంటివాటి అలర్జీ ఉందేమో టీచర్ని ఒకసారి అడగండి, పిల్లలు పంచుకుని తింటారు కదా.

ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి?

పండు తడి వల్ల మైదా కేకులంత నిల్వ ఉండవు. ట్రేలో 10 నిమిషాలు, తర్వాత తీగల జాలీ మీద పూర్తిగా చల్లారాలి, వేడిగా డబ్బాలో పెడితే మూతకి ఆవిరి పట్టి అడుగు చెమ్మగా అయిపోతుంది. మన ఎండాకాలంలో బయట ఒక్క రోజే, ఫ్రిజ్‌లో 4 రోజులు, డబ్బా అడుగున పేపర్ నాప్కిన్ వేయండి. ఫ్రీజర్లో విడివిడిగా చుట్టి పెడితే 2 నెలలు ఉంటాయి. పిల్లలు స్కూలుకి వెళ్ళేముందు రాత్రే ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున్న పెనం మీద మూత పెట్టి సన్నటి మంటలో 3, 4 నిమిషాలు వేడి చేస్తే అడుగు కాస్త కరకరలాడుతూ మళ్ళీ తాజాగా ఉంటాయి, మైక్రోవేవ్‌లో అయితే 20 సెకన్లు చాలు.